ఫ్యాటీ లివర్ రిపోర్టు: ఎస్‌జీపీటీ ఒక్కటే కాదు, ప్లేట్‌లెట్లూ చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 41, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో అల్ట్రాసౌండ్ తీసి ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’ అని రాశారు. ఎస్‌జీఓటీ 52, ఎస్‌జీపీటీ 78, బిలిరుబిన్ 0.8, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, మూడు నెలల సగటు షుగర్ 6.1. మందు అలవాటు లేదు. మీ అనుమానాలు మూడు. లివర్ సగం పాడైపోయిందా? గ్రేడ్ 2 అంటే క్యాన్సర్‌లో చెప్పే రెండో స్టేజీలాంటిదా? మీ అత్తగారు తెప్పిస్తానన్న పసరు తాగొచ్చా? ఆ తర్వాత మాటవరసకన్నట్టు ఇంకో ముక్క చేర్చారు: “మా నాన్నగారికి 68 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగర్. ఆయనకే లివర్ నార్మల్‌గా ఉంది, ఎస్‌జీఓటీ 44, ఎస్‌జీపీటీ 36. ప్లేట్‌లెట్లు మాత్రం ఎప్పుడు చూసినా లక్షా పదివేల దగ్గరే. ఈమధ్య కాళ్ల వాపు, పగలంతా కునుకు. వయసు కదా. ఆయనకు రానిది నాకెందుకొచ్చింది?”

ఆ చివరి ముక్క దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు మీ సంగతి చూద్దాం.

జీర్ణకోశ, లివర్ విభాగంలో ఇరవై మూడేళ్లుగా పనిచేస్తున్నాను, ఎక్కువకాలం కోస్తా జిల్లాల్లోనే. ఇక్కడ రాసేది మిమ్మల్ని చేత్తో తడిమి చూసిన డాక్టరు మాటకు బదులు కాదు. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకు తెలియాలని రాస్తున్నాను.

స్కానింగ్‌లో రాసే గ్రేడ్ అంటే తెలుపు, అంతే. రేడియాలజిస్టు లివర్‌ని దాని కిందే ఉన్న కుడి కిడ్నీతో పోల్చి చూస్తారు. మామూలు మనిషిలో రెండూ ఇంచుమించు ఒకే బూడిదరంగులో కనిపిస్తాయి. లివర్‌లో కొవ్వు చేరితే అది కిడ్నీ కంటే తెల్లగా మెరుస్తుంది. కాస్త తెలుపైతే గ్రేడ్ 1. లోపలి రక్తనాళాల అంచులు మసకబారితే గ్రేడ్ 2. వెనకాలున్న డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) గీత కూడా ఆనకపోతే గ్రేడ్ 3. ఇది చూసేవారి కన్నునుబట్టీ, మెషీన్‌లో పెట్టిన వెలుగునుబట్టీ మారుతుంది. ఒకే వారంలో రెండు సెంటర్లకు వెళ్లి ఒకచోట గ్రేడ్ 1, ఇంకోచోట గ్రేడ్ 2 తెచ్చుకున్నవాళ్లు నా దగ్గరికి బోలెడుమంది వస్తారు. పైగా లివర్‌లో కొవ్వు 5 శాతం దాటితేనే ఫ్యాటీ లివర్ అంటాం, కానీ మామూలు అల్ట్రాసౌండ్‌కి అది 20 శాతం దాటాకగానీ గట్టిగా దొరకదు. అంటే ‘నార్మల్’ అని రాసిన స్కానింగ్ కూడా కొవ్వు లేదని హామీ ఇవ్వదు.

మీరు భయపడుతున్న స్టేజీలు వేరే ఉన్నాయి. అవి కొవ్వుకి కాదు, మచ్చకి. దెబ్బ తగిలిన చోట చర్మం మీద మచ్చ కట్టినట్టే, ఏళ్ల తరబడి వాపు ఉన్న లివర్‌లో పీచులాంటి కణజాలం పేరుకుంటుంది. దాన్నే ఫైబ్రోసిస్ అంటారు. మచ్చ ఏమీ లేకపోతే ఎఫ్0, లివర్ అంతా పీచు గోడలతో ముక్కలై గడ్డలు గడ్డలుగా తయారైతే ఎఫ్4. ఆ ఎఫ్4నే సిర్రోసిస్ అంటున్నాం. ఆ పేరు పెట్టింది స్టెతస్కోప్ కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్, 1819లో. కోసి చూసిన లివర్ గోధుమ పసుపు రంగులో ఉంటే, ఆ రంగుకు గ్రీకులో ఉన్న మాట తీసుకుని పెట్టాడు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో ముందుముందు ఎవరికి ఏమవుతుందో తేల్చేది ప్రధానంగా ఈ మచ్చే. కొవ్వు ఎంతుందన్నది దాని తర్వాతి మాట.

లివర్ జబ్బు ఆలస్యంగా బయటపడటానికి దాని తీరే కారణం. పెద్దవాళ్లలో అది కిలోంపావు నుంచి కిలోన్నర వరకు తూగుతుంది, కుడిపక్క డొక్కల కింద దాక్కుని ఉంటుంది. లోపల నొప్పి తెలిసే నరాలు లేవు, పైనున్న పొరకే ఉన్నాయి. అందుకే లివర్ ఒక్కసారిగా ఉబ్బితే ఆ పొర సాగి బరువుగా అనిపిస్తుందిగానీ, ఏళ్లపాటు మెల్లగా మచ్చ కట్టే జబ్బు ఏ నొప్పీ పెట్టదు. కొంత భాగం కోసేసినా తిరిగి పెరిగే అవయవం కూడాను. అంత శక్తి ఉండటం వల్లే చివరిదాకా లాక్కొస్తుంది. కళ్లు పచ్చబడటం, పొట్టలో నీరు చేరడం, రక్తపు వాంతి ఇవన్నీ కథ చాలా దూరం వచ్చాక కనిపించేవి. కళ్లలో పసుపు తెలియాలంటేనే బిలిరుబిన్ రెండున్నర మూడు దాకా పెరగాలి. అన్నట్టు, కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత ఉందిగానీ, నేను చూసిన వేలమందిలో ఒక్కరూ అలా కనిపిస్తోందని చెప్పలేదు. పచ్చగా కనిపించేది చూసేవాళ్లకే.

ఇక ఎస్‌జీపీటీ. దాన్ని ‘లివర్ ఫంక్షన్ టెస్ట్’ అనే శీర్షిక కింద ముద్రించడం వల్ల ఎంతోమంది పొరబడుతున్నారు. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ లివర్ పనితనాన్ని కొలిచేవి కావు. అవి లివర్ కణాల లోపల ఉండే ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి. పక్కింట్లో గిన్నెలు పగిలిన చప్పుడు లాంటివి. చప్పుడు వినిపిస్తే ఏదో పగులుతోందని తెలుస్తుంది, ఇంట్లో ఇంకా ఎన్ని గిన్నెలున్నాయో తెలియదు. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లలో ఎస్‌జీపీటీ వెయ్యి దాటుతుంది, అయినా మనిషి నెలా రెండు నెలల్లో లేచి తిరుగుతాడు. ముదిరిన సిర్రోసిస్‌లో అదే ఎస్‌జీపీటీ 30 ఉంటుంది. పగలడానికి గిన్నెలు మిగలని ఇంట్లో చప్పుడెక్కడిది?

పనితనం చూడాలంటే మూడు చూడాలి. లివర్ తయారుచేసే ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే వేగం చెప్పే ఐఎన్‌ఆర్, లివర్ వదిలించుకోవాల్సిన బిలిరుబిన్. ఆల్బుమిన్ రక్తంలో సగానికి తగ్గడానికి ఇరవై రోజులు పడుతుంది కాబట్టి పాత జబ్బు సంగతి చెబుతుంది. గడ్డకట్టే పదార్థాల్లో కొన్ని గంటల్లోనే తరిగిపోతాయి కాబట్టి ఐఎన్‌ఆర్ ఇవాళ్టి సంగతి చెబుతుంది. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో విటమిన్లూ అవీ కలిపి డెబ్బై ఎనభై పరీక్షలు చేసేస్తారు, ఐఎన్‌ఆర్ మాత్రం చాలావాటిలో ఉండదు.

ఎంజైములు పనికిరానివని కాదు, చదవడం తెలియాలి. మీ ల్యాబు గీత 50 దగ్గర గీసింది. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ఆరోగ్యవంతుల్లో ఎస్‌జీపీటీ పైహద్దు మగవాళ్లకు 29 నుంచి 33, ఆడవాళ్లకు 19 నుంచి 25. కాబట్టి 48 వచ్చి పక్కన స్టార్ గుర్తు లేకపోయినంత మాత్రాన వదిలేయకూడదు. ఫ్యాటీ లివర్ మొదట్లో ఎస్‌జీపీటీయే ఎస్‌జీఓటీ కంటే ఎక్కువుంటుంది, మీకున్నట్టే. మద్యంవల్ల వచ్చే వాపులో తారుమారై ఎస్‌జీఓటీ రెండింతలు ఉంటుంది. అలాంటి రిపోర్టు పట్టుకుని “అబ్బే, అలవాటు లేదండీ” అంటే నేను ఆయన పక్కన కూర్చున్న ఇల్లాలి ముఖం చూస్తాను. జవాబు అక్కడ దొరుకుతుంది. ఇంకో సంగతి, ఎస్‌జీఓటీ కండరాల్లోనూ ఉంటుంది. ముందురోజు జిమ్‌లో కొత్తగా బరువులెత్తి పొద్దున్నే రక్తమిచ్చినా రెండు ఎంజైములూ పెరుగుతాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ చాలు, కొత్త పరీక్ష అక్కర్లేదు. మీ వయసుని ఎస్‌జీఓటీతో గుణించండి: 41 ఇంటూ 52, 2132. ప్లేట్‌లెట్లను వేలల్లో రాయండి, 2.4 లక్షలంటే 240. దాన్ని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. 78కి వర్గమూలం 8.83, గుణిస్తే దాదాపు 2120. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.0 వస్తుంది. దీన్ని ఫిబ్-4 స్కోరు అంటారు. 1.3 కంటే తక్కువుంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ. 2.67 దాటితే బాగా అనుమానించాలి. మధ్యలో ఉంటే ఇంకో పరీక్షతో తేల్చుకోవాలి. 65 దాటినవాళ్లకు కింది హద్దును 2.0గా పెట్టుకుంటాం, ఎందుకంటే వయసే లెక్కని పైకి లాగుతుంది. 35 లోపువాళ్లలో ఈ లెక్క నమ్మదగ్గది కాదు.

మీది 1.0. మీ లివర్ సగం పాడవలేదు. కొవ్వుంది, వాపుంది, గట్టి మచ్చ ఉన్న సూచన ఇప్పటికి లేదు. ఇంత చిన్న గుణకారం మీ రిపోర్టు కింద ఎవరైనా రాసిచ్చి ఉంటే ఈ వారంరోజులు మీకు నిద్రపట్టేది.

ప్లేట్‌లెట్లకు లివర్‌తో ఏం పని అంటారేమో. పేగుల్నుంచి రక్తమంతా పోర్టల్ సిర అనే పెద్ద నాళంలో లివర్‌కి చేరుతుంది. లివర్‌కి వచ్చే రక్తంలో నాలుగింట మూడు వంతులు ఈ దారినే వస్తుంది. లివర్ గట్టిపడితే దారి మూసుకుపోతుంది, వెనక ఒత్తిడి పెరుగుతుంది. కాలవ తూము మూస్తే పైచేను మునిగినట్టు ప్లీహం (స్ప్లీన్) ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచుకుంటుంది. ప్లేట్‌లెట్లు తయారవ్వమని ఎముక మూలుగకు కబురుపెట్టే హార్మోను కూడా ప్రధానంగా లివర్‌లోనే తయారవుతుంది, అదీ తగ్గుతుంది. అందుకే ఎన్నో సిర్రోసిస్ కేసుల్లో మొట్టమొదట కదిలే అంకె ప్లేట్‌లెట్లదే. మన దగ్గర ఆ మాట వినగానే అందరికీ డెంగ్యూ గుర్తొస్తుంది, బొప్పాయి ఆకు రసం గుర్తొస్తుంది.

నాకూ డెంగ్యూయే గుర్తొచ్చింది ఒకసారి. చాలా ఏళ్ల కిందటి మాట. వానాకాలం, ఓపీ కిటకిటలాడుతోంది. 54 ఏళ్ల కిరాణా కొట్టాయన పొట్ట ఉబ్బరమని వచ్చాడు. షుగర్ ఉంది, మందు అలవాటు లేదు. ఎస్‌జీఓటీ 46, ఎస్‌జీపీటీ 34, ప్లేట్‌లెట్లు లక్షా నాలుగు వేలు. రెండు వారాల ముందు జ్వరం వచ్చి తగ్గిందన్నాడు. ‘వైరల్ జ్వరం తర్వాత తగ్గుదల, లివర్ నార్మల్’ అని చీటీ మీద రాసి, గ్యాస్ మాత్రలిచ్చి పంపేశాను. ఎనిమిది నెలల తర్వాత ఒక అర్ధరాత్రి వాళ్లబ్బాయి ఆయన్ని ఆటోలో తీసుకొచ్చాడు. ఒళ్లో స్టీలు బేసిను, అందులో సగానికి రక్తం. ఎండోస్కోపీ గొట్టం దించితే ఆహారనాళం గోడల మీద సిరలు వానపాముల్లా ఉబ్బి ఉన్నాయి. రబ్బరు బ్యాండ్లు వేసి ఆపాం, బతికాడు. తెల్లవారి ఆయన భార్య పాత రిపోర్టుల కవరు తెచ్చిచ్చింది. పైనే నా చీటీ, నా చేతిరాతలో ‘లివర్ నార్మల్’. ఫిబ్-4 లెక్క 2006లోనే అచ్చయిందిగానీ అది హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి రెండూ ఉన్నవాళ్లకోసం తయారైంది. ఫ్యాటీ లివర్‌కు వాడటం మాకు తర్వాతెప్పుడో అలవాటైంది. ఆయన అంకెలు వేసి చూస్తే 4.1 వచ్చింది. ఆవిడ నన్నేమీ అనలేదు. ఆ చీటీ ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

స్కోరు మధ్యలోనో పైనో ఉన్నవాళ్లకు తర్వాతి మెట్టు ఫైబ్రోస్కాన్. ఫ్రాన్సులో పుట్టిన మెషీన్, 2003 నుంచి వాడుకలో ఉంది. పేరులో స్కాన్ ఉన్నా బొమ్మ రాదు. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, తిని వెళితే లివర్‌కి రక్తం ఎక్కువ చేరి అంకె పెరిగి కనిపిస్తుంది. వెల్లకిలా పడుకుని కుడిచెయ్యి తలకింద పెట్టుకోమంటారు. డొక్కల సందులో జెల్లు రాసి ఒక మొన ఆనిస్తారు. వేలితో చిటికె కొట్టినట్టు టక్, టక్ మని పదిసార్లు తగులుతుంది, అంతే. ఆ తట్టుకి లివర్‌లో ఒక అల బయల్దేరుతుంది. గట్టిగా ఉన్న వస్తువులో అల వేగంగా పోతుంది, మెత్తటిదాంట్లో మెల్లగా. మంచి లివర్ జున్నుముక్కలాంటిది, సిర్రోసిస్ లివర్ ముదురు కొబ్బరి. ఆ వేగాన్ని కిలోపాస్కల్ అనే కొలతలోకి మార్చి చెబుతారు. 8 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ లేనట్టే, 12 దాటితే ఉందనే అనుమానం బలపడుతుంది. పక్కనే క్యాప్ అని ఇంకో అంకె ఉంటుంది, అది కొవ్వుది. జనం ఆ క్యాప్ 310 ఉందని బెంగపెట్టుకుని అసలు అంకె 5.2 ఉన్న సంగతి చూడరు. లివర్‌లో వాపు బాగా ఉన్నప్పుడు, గుండె జబ్బువల్ల లివర్‌లో రక్తం నిలిచినప్పుడు కూడా అంకె పెరుగుతుంది. ఎస్‌జీపీటీ 600 ఉన్నరోజు ఫైబ్రోస్కాన్ చేయించి సిర్రోసిస్ అనుకుని ఏడ్చినవాళ్లున్నారు.

సూది గుచ్చి ముక్క తీసే బయాప్సీ ఇప్పుడు బాగా తగ్గింది. కారణమేమిటో తేలనప్పుడు, లేదా రెండు పరీక్షలు రెండు రకాలుగా చెప్పినప్పుడు చేస్తాం. ఆ ముక్క మొత్తం లివర్‌లో యాభై వేలవ వంతు మాత్రమే.

‘ఫ్యాటీ లివర్’ అన్న మాట కనిపించగానే వెతకడం ఆపేయకూడదు, కొవ్వున్న లివర్‌లో వైరస్ కూడా ఉండొచ్చు. హెపటైటిస్ బి తేల్చే హెచ్‌బీఎస్ఏజీ, హెపటైటిస్ సి యాంటీబాడీ, ఈ రెండూ జీవితంలో ఒక్కసారైనా చేయించుకోవాలి. మీ ప్యాకేజీలో అవి లేవు. హెపటైటిస్ బి తల్లినుంచి బిడ్డకు వస్తుంది, ముప్పై నలభై ఏళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. మీరు పుట్టినప్పటికి ఆ టీకా మన దగ్గర మామూలువాళ్లకు అందుబాటులో లేదు. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన దేశంలో జన్యు సాంకేతికతతో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా తెచ్చాకే ధర దిగొచ్చింది. పరీక్ష నెగటివ్ అయితే టీకా వేయించుకోండి. హెపటైటిస్ సి అయితే పన్నెండు వారాల మాత్రలతో నూటికి తొంభై అయిదుమందికి పైగా పూర్తిగా పోతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మీకు థైరాయిడ్ కూడా చూడాలి. ముప్పై లోపు పిల్లల్లో కారణం దొరకని లివర్ జబ్బుంటే రాగి పేరుకునే విల్సన్ జబ్బు కోసం వెతుకుతాం. ఇక ఎంజైములన్నీ బాగుండి బిలిరుబిన్ ఒక్కటే 1.8, 2.2 అంటూ ఎగుడుదిగుడవుతుంటే, ఉపవాసమున్న రోజు పెరుగుతుంటే, అది ఎక్కువగా గిల్బర్ట్ అనే పుట్టుక లక్షణం. జబ్బే కాదు. దానికి పసరు తాగి నిజం జబ్బు తెచ్చుకున్నవాళ్లని చూశాను.

పసరు గురించి అడిగారు కదా. ముక్కులో ఆకురసం పిండటం, ముంజేతి మీద వాత పెట్టడం, పరగడుపున పసరు తాగించి పత్యం పెట్టడం, ఈ మూడూ మన ఊళ్లలో ఇప్పటికీ నడుస్తున్నాయి. తగ్గినవాళ్లు ఉన్నారనడంలో అబద్ధం లేదు. హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకి వస్తుంది. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదికి రావచ్చు, అక్కడ పసరుతో పోగొట్టుకున్న మూడు రోజులు మళ్లీ రావు. నేల ఉసిరి సంగతి వేరు. దాన్ని తీసిపారేయలేదు ఎవరూ. 1988లో చెన్నై పరిశోధకులు హెపటైటిస్ బి మీద అది పనిచేస్తుందని లాన్సెట్ పత్రికలో రాశారు, ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. కోవిడ్ రోజుల్లో రోజూ తిప్పతీగ కషాయం తాగినవాళ్లలో లివర్ వాపు కేసులు ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ శాఖవారు ఒప్పుకోలేదు, ఆ వాదన ఉంది. నా అనుభవం మాత్రం చెబుతాను: ఏమేం కలిసిందో తెలియని పొడి, సీసాలో పోసిచ్చిన పసరు లివర్ రోగికి వద్దు. అత్తగారి మనసు నొచ్చుకోకుండా ఎలా తప్పించుకుంటారో అది మీ నేర్పు. మెడికల్ షాపులో లివర్ టానిక్ పేరుతో దొరికే సిరప్పులు హాని చేయకపోవచ్చు, డబ్బు దండగ.

మీకు మందంటూ ఉంటే అది బరువే. మన దేశస్తులకు బాడీ మాస్ ఇండెక్స్ 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క, మీది 28.4. నడుము చుట్టుకొలత టేపుతో బొడ్డు దగ్గర చూసుకోండి, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 శాతం తగ్గితే చాలామందికి వాపు పోతుంది, 10 శాతం తగ్గితే ఉన్న మచ్చ కూడా వెనక్కి మళ్లవచ్చు. మీకు 7 శాతం అంటే ఆరు కిలోలలోపే. ఆరు నెలలు తీసుకోండి, నెలలో ఆరు కిలోలు తగ్గే పిచ్చి డైట్లు లివర్‌కే చేటు. కంచంలో అన్నం సగానికి తగ్గించి ఆ జాగాలో పప్పు, గుడ్డు, కూర పెంచండి. కూల్‌డ్రింకులు, డబ్బాల్లో వచ్చే పండ్లరసాలు పూర్తిగా మానండి. కాఫీ మానక్కర్లేదు, రోజుకు రెండు మూడు కప్పులు తాగేవాళ్లలో మచ్చ తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి, చక్కెర లేకుండా తాగడమే కష్టం. రెస్మెటిరోమ్ అనే మందును అమెరికాలో 2024 మార్చిలో అనుమతించారు, దాని గురించి వాట్సాప్‌లో వస్తుంటుంది. అది మచ్చ ఓ మోస్తరుగా ఉన్నవాళ్లకు, మీకు కాదు. మీ షుగర్ 6.1 అంటే గడపదాకా వచ్చింది, లివర్ కంటే ముందు అది చూసుకోవాలి. ఆరు నెలలకు మళ్లీ ఎంజైములు చూసుకోండి, ఫిబ్-4 ఏడాదికోసారి వేసుకుంటే చాలు. మీరొక్కరే అనుకోకండి, హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించిన అధ్యయనం 2025లో వచ్చింది, అందులో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వుంది.

ఇప్పుడు మీ నాన్నగారు. వయసు 68 ఇంటూ 44, 2992. ప్లేట్‌లెట్లు 110, ఎస్‌జీపీటీ 36కి వర్గమూలం 6, రెండూ గుణిస్తే 660. భాగిస్తే 4.5. పెద్దవయసుకి సడలించిన హద్దు 2.0తో చూసినా ఇది చాలా ఎక్కువ. పదిహేనేళ్ల షుగర్, ఎప్పుడూ కోలుకోని ప్లేట్‌లెట్లు, కాళ్ల వాపు, పగటి నిద్ర ఒకే మనిషిలో కనిపిస్తున్నాయి. కాళ్ల వాపు గుండెవల్లా, కిడ్నీవల్లా, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్రవల్లా కూడా రావచ్చు. లివర్ అని ఇక్కడినుంచి తేల్చేయలేను. కానీ ‘నార్మల్’ అని మీరు రాసిన మాటని నేను ఒప్పుకోను. రాత్రి మెలకువ, పగలు కునుకు అనేది లివర్ వడకట్టాల్సిన విషపదార్థాలు మెదడుకి చేరుతున్నప్పుడు తొలిగా కనిపించే తేడా కావచ్చు. ఇవాళే ఒక పని చేయండి. ఆయన్ని రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు ఎవరినో ఆగమన్నట్టు పైకెత్తి, కళ్లు మూసుకుని అరనిమిషం అలాగే ఉంచమనండి. మణికట్లు ఉండి ఉండి పక్షి రెక్క కొట్టుకున్నట్టు జారి పడుతుంటే ఆగకండి, అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలా లేకపోయినా ఈ వారంలో చూపించాలి.

డాక్టరుగారిని అడగాల్సినవి ఇవి: ప్లీహం కొలత, పోర్టల్ సిర చూసే డాప్లర్‌తో స్కానింగ్, ఆల్బుమిన్, ఐఎన్‌ఆర్, కిడ్నీ పరీక్ష, హెపటైటిస్ బి, సి. వాటిని చూశాక ఫైబ్రోస్కాన్, ఆహారనాళంలో సిరలకోసం ఎండోస్కోపీ అవసరమా అన్నది ఆయన చెబుతారు. సిర్రోసిస్ అని తేలితే ఆరు నెలలకోసారి స్కానింగ్, ఏఎఫ్‌పీ రక్తపరీక్ష ఉంటాయి, క్యాన్సర్ గడ్డ పుడితే చిన్నగా ఉన్నప్పుడే దొరకడానికి.

అంతవరకూ మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఇవ్వకండి, కిడ్నీలు దెబ్బతింటాయి, పొట్టలో రక్తం కారొచ్చు. నొప్పికి తప్పనిసరైతే పారాసిటమాల్, రోజుకు రెండు గ్రాములు మించకుండా. రాత్రి నిద్రపట్టడం లేదని ఆల్ప్రజోలం వేయకండి. మలబద్ధకం లేకుండా చూడండి. ఆవకాయ, అప్పడాలు, వడియాలు పక్కన పెట్టండి, వాపుకి ఉప్పే శత్రువు. లివర్ అనగానే ఇడ్లీ, మజ్జిగన్నం తప్ప ఏదీ పెట్టకుండా కట్టేయకండి. పప్పు, పెరుగు, గుడ్డు అన్నీ కావాలి. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉండకుండా పడుకునేముందు కాస్త ఏదైనా తినిపించండి, షుగర్ మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడి. మలం తారులా నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా, మాట తడబడినా, మిమ్మల్ని చూసి ఇంకెవరి పేరో పిలిచినా తెల్లారేదాకా ఆగకండి.

వెళ్లేటప్పుడు ఆయన పాత రిపోర్టులన్నీ, డెంగ్యూ అనుకుని చేయించినవి కూడా, తారీఖుల వరుసలో పెట్టుకెళ్లండి. ప్లేట్‌లెట్లు ఏ ఏడు ఎంతున్నాయో ఒక కాగితం మీద రాసి పైన పెట్టండి. మొదట ఆ కాగితమే డాక్టరుగారి చేతికివ్వండి.